అడవికి ఒక్క కత్తి చాలా?

క్యాంపింగ్‌కి వెళ్ళేవాళ్ళు, అడవిలో దారి తప్పితే ఏం చేయాలా అని ముందే ఆలోచించుకునేవాళ్ళు మొట్టమొదట అడిగేది ఏ కత్తి కొనాలి అని. అసలు చిక్కు ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది. ఒకటే కత్తి అన్న ఆలోచన మనసులో పడిపోయిందంటే ఇంక ఆ ఒక్కదానితోనే దుంగ నరకాలి, కట్టె చీల్చాలి, తాడు కోయాలి, చేప శుభ్రం చేయాలి, పుల్ల చెక్కాలి, అవసరమైతే గుంట కూడా తవ్వాలి అని లిస్టు పెరిగిపోతూ ఉంటుంది. ఆ లిస్టుకి తగ్గట్టే సర్వైవల్ నైఫ్ పేరుతో అమ్మేవి 6 మిల్లీమీటర్ల మందంతో, 20 సెంటీమీటర్లు దాటిన బ్లేడుతో, వెన్ను మీద రంపం పళ్ళతో చూడ్డానికి భలే గట్టిగా ఉంటాయి. కానీ నరకడానికి గొడ్డలంత బరువు ఉండదు, చెక్కడానికి చాకంత సన్నగా ఉండదు, కోయడానికి రంపంలా పనిచేయదు.

నిజంగా అడవిని నమ్ముకుని బతికినవాళ్ళు ఏం పట్టుకెళ్ళేవాళ్ళో చూస్తే విషయం బాగా తెలుస్తుంది. 1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులో ఆల్ప్స్ కొండల మంచులో ఓ మనిషి శరీరం దొరికింది, సుమారు 5,300 ఏళ్ళ కిందటి వాడు, ఊట్జీ అని పిలుస్తున్నారు. అతని దగ్గర రాగి గొడ్డలి ఉంది, 60 సెంటీమీటర్ల కర్ర పిడికి 9.5 సెంటీమీటర్ల రాగి బ్లేడు బిగించి ఉంది. దాంతో పాటు విడిగా చెకుముకిరాయితో చేసిన చిన్న బాకు, పిడితో కలిపి 13 సెంటీమీటర్లే, దానికి చెట్టు నారతో అల్లిన ఒర. ఇంకా ఆ రాతి అంచు మొద్దుబారితే మళ్ళీ పదును తేవడానికి కర్రలో జింక కొమ్ము ముక్క దిగ్గొట్టి చేసుకున్న ఓ పనిముట్టు కూడా. అంటే పెద్ద పనికి ఒకటి, చిన్న పనికి ఒకటి, పదును పెట్టుకోడానికి ఒకటి.

ఇదేదో ఒక్క మనిషి అలవాటు కాదు. నేపాల్ కుక్రీ అనగానే అందరికీ వంపు తిరిగిన ఆ పెద్ద బ్లేడే గుర్తొస్తుంది గానీ దాని ఒరలోనే వెనకపక్క ఇంకో రెండు చిన్నవి దూర్చి ఉంటాయి, కర్దా అనేది చిన్న చిన్న పనులకి వాడే చాకు, చక్‌మక్ అనేది మొద్దు అంచుది, కుక్రీ పదును సరిచేసుకోడానికి, చెకుముకిరాయి మీద కొట్టి నిప్పురవ్వలు రప్పించడానికి. ఉత్తర స్కాండినేవియాలో రెయిన్‌డీర్లు మేపే సామీ జనం లెవుకు అనే పెద్ద కత్తి, దాని పక్కనే ఓ చిన్న కత్తి, రెండూ జంటగా వాడేవాళ్ళు. 19వ శతాబ్దపు అమెరికన్ అడవి సంచారి జార్జ్ వాషింగ్టన్ సియర్స్ అయితే మూడు పెట్టుకునేవాడు, రెండు పక్కలా అంచున్న చిన్న గొడ్డలి, సన్నని బ్లేడున్న మామూలు కత్తి, జేబులో మడత చాకు. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇన్ని చోట్ల, ఇంత కాలం తేడాతో, అందరూ పనిని పెద్దది చిన్నది అని విడగొట్టుకున్నారంటే దానికి గట్టి కారణమే ఉండాలి కదా.

ఆ కారణం అంచు వెనకాల మందంలో ఉంది. చెక్కలోకి దిగే ఏ బ్లేడైనా దారి చేసుకుంటూ రెండు పక్కలా చెక్కని పక్కకి నెట్టాలి, అంచు వెనక మందం ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ నెట్టాలి. చీల్చేటప్పుడు ఆ నెట్టడమే మనకి కావాలి, అందుకే గొడ్డలి అంచు నుంచి వెనక్కి పోయేకొద్దీ లావవుతుంది. అదే పుల్ల మీద పల్చటి పొర లేపాలన్నా, టొమాటో ముక్కలు కోయాలన్నా ఆ మందం అడ్డం పడుతుంది, టొమాటో తెగకుండా నలిగి చిట్లిపోతుంది. పొడవు సంగతీ అంతే. చెక్కే పని మొత్తం పిడికి ఆనుకుని ఉన్న మూడు నాలుగు సెంటీమీటర్ల అంచు మీదే జరుగుతుంది, చేతి బలం అక్కడే బాగా అందుతుంది కాబట్టి. మొన చేతికి ఎంత దూరమైతే దాన్ని అదుపులో పెట్టడం అంత కష్టం. ఈ రెండిటికీ మధ్యేమార్గంగా ఏదో ఒక కొలత పట్టుకోవచ్చు, కాదనను, కానీ ఎక్కడ సర్దుకున్నా ఏదో ఒక పని దెబ్బ తింటుంది.

క్యాంపులో రోజంతా చేసే పనుల్ని కాస్త గమనిస్తే ఎక్కువ భాగం చిన్నవే. తాడు తెంపడం, టెంట్ మేకులకి పుల్లలు చివర చెక్కడం, వంట, ప్యాకెట్లు విప్పడం, నిప్పు రాజెయ్యడానికి పుల్ల మీద చెక్క పొరలు లేపి కుచ్చులా చేయడం. కాబట్టి మొదట ఎంచుకోవాల్సింది చిన్న కత్తి, అదీ మడతది కాకుండా ఫిక్స్‌డ్ బ్లేడు. బ్లేడు 9 నుంచి 12 సెంటీమీటర్లు, మందం 2.5 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటే దాదాపు అన్నిటికీ సరిపోతుంది. స్వీడన్‌లో మోరా అనే ఊరి పేరుతోనే చెలామణీ అయ్యే కత్తులు ఈ కొలతల్లోనే ఉంటాయి, అక్కడి కంపానియన్ మోడల్ బ్లేడు సుమారు 10 సెంటీమీటర్లు, మందం 2.5 మిల్లీమీటర్లే, ప్లాస్టిక్ పిడి, ప్లాస్టిక్ ఒర, చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది, అయినా బుష్‌క్రాఫ్ట్, అంటే అడవిలో దొరికేవాటితో బతికే నేర్పు, నేర్పేవాళ్ళు చాలామంది మొదటి కత్తిగా ఇదే చేతికిస్తారు, సరైన పనే అది.

దాని గ్రైండ్‌ని, అంటే అంచు వైపు బ్లేడుని అరగదీసిన ఆకారాన్ని, స్కాండీ అంటారు. బ్లేడు సగం వెడల్పు దాకా ఒకే మందంతో వచ్చి అక్కణ్ణుంచి అంచు దాకా రెండు పక్కలా ఒకే ఏటవాలుగా దిగిపోతుంది, చివర్లో ఇంకో చిన్న బెవెల్, అంటే ఇంకో ఏటవాలు, ఉండదు. ఆ వెడల్పాటి ఏటవాలు చెక్క మీద చదునుగా ఆనుతుంది కాబట్టి ఎంత లోతు దిగాలో చేతికి తెలిసిపోతుంది. సానపెట్టేటప్పుడు కూడా అంతే, ఆ బెవెల్‌ని రాయి మీద ఆనిస్తే కోణం దానంతట అదే కుదురుతుంది, కొత్తవాళ్ళకి ఇంతకన్నా సాయం చేసే గ్రైండ్ లేదు. దీనికి లోటు కూడా ఉంది, అంచు పల్చన కాబట్టి ఎముక మీద, గట్టి ముడి మీద కొడితే పెచ్చు లేచిపోవచ్చు. వంట, మాంసం పని ఎక్కువ ఉంటుంది అనుకుంటే వెన్ను నుంచి అంచు దాకా వాలిన ఫుల్ ఫ్లాట్ గ్రైండ్ బాగుంటుంది. కుంభాకారంగా గుండ్రంగా వచ్చే కాన్వెక్స్ అంచు దెబ్బలకి గట్టిగా నిలబడుతుంది, అందుకే గొడ్డళ్ళకి అదే పెడతారు. రెండు పక్కలా లోపలికి గుంటపడినట్టు ఉండే హాలో గ్రైండ్ మాత్రం చర్మం ఒలవడానికి మంచిదే గానీ చెక్క పనికి వద్దు.

పిడిలోకి వెళ్ళే ఉక్కు భాగాన్ని ట్యాంగ్ అంటారు, ఫుల్ ట్యాంగ్ కత్తే కొనాలి అంటూ జరిగే గొడవ అవసరానికి మించి జరుగుతోంది. బ్లేడు ఉక్కు పిడి చివరిదాకా అదే వెడల్పుతో వెళ్తే ఫుల్ ట్యాంగ్, అది బలమైనదే, పిడి పగిలినా తాడు చుట్టుకుని వాడుకోవచ్చు, సందేహం లేదు. కానీ సన్నని ట్యాంగ్ పిడి లోపలికి దూరి ఉన్నవన్నీ విరిగిపోతాయి అనడం మాత్రం తప్పు. అమెరికన్ మెరైన్ల కోసం 1942లో ఎంచుకున్న కా-బార్ కత్తి బ్లేడు 18 సెంటీమీటర్లు, పిడి లోపల ట్యాంగ్ సన్నదే, యుద్ధమంతా పనిచేసింది, ఇప్పటికీ అదే పద్ధతిలో తయారవుతోంది. పిడి మొదట్లో ఉక్కు ఎంత వెడల్పుంది, అక్కడ మూల ఎంత పదునుగా తిరిగింది, వేడిచేసి చల్లార్చే పని ఎంత బాగా జరిగింది అన్నవి ట్యాంగ్ రకం కన్నా ముఖ్యం. అసలు నమ్మకూడనిది బోలు పిడి, అంటే లోపల గాలం, అగ్గిపుల్లలు దాచుకోడానికి ఖాళీ పెట్టిన రకం. అందులో చవకవాటికి బ్లేడు పొట్టి మొదలుతో పిడికి అతుక్కుని ఉంటుంది అంతే, ఒక గట్టి దెబ్బకి ఊడి వస్తుంది.

వెన్ను మీద రంపం పళ్ళు కూడా అలాంటివే. అమెరికా వైమానిక దళం పైలట్లకిచ్చిన సర్వైవల్ కత్తికి ఆ పళ్ళు పెట్టింది కూలిపోయిన విమానం పల్చటి లోహపు తొడుగు కోసుకుని బయటికి రావడానికి, చెక్క కోయడానికి కాదు. చెక్క కోసే రంపానికి పళ్ళు కుడికీ ఎడమకీ కొంచెం వంచి గానీ, వెన్ను వైపు బ్లేడుని పల్చన చేసి గానీ ఉంచుతారు, అప్పుడే గాడి బ్లేడు కన్నా వెడల్పుగా తెగి బ్లేడు ఇరుక్కోకుండా కదులుతుంది. కత్తి వెన్ను మీద అది కుదరదు, రెండు సెంటీమీటర్లు దిగేసరికి ఇరుక్కుంటుంది. పైగా వెన్ను చదునుగా ఉంటే బొటనవేలితో నొక్కుకోవచ్చు, కర్రతో కొట్టి చెక్క చీల్చొచ్చు, దాని మూల 90 డిగ్రీల పదునుతో ఉంటే ఫెర్రో రాడ్ అనే లోహపు కడ్డీని గీకి నిప్పురవ్వలు తెప్పించొచ్చు, ఇన్ని లాభాలు పళ్ళ కోసం వదులుకోవడం ఎందుకు. పిడి దగ్గర అంచులో సగం సెరేషన్, అంటే పళ్ళు, పెట్టిన కత్తులదీ ఇదే బాధ, చెక్కడానికి బాగా పనికొచ్చే ఆ నాలుగు సెంటీమీటర్లనే పళ్ళకి ఇచ్చేస్తారు.

ఉక్కు పేర్ల గురించి ఎంత చదివినా తరగదు, కానీ తేల్చుకోవాల్సింది తక్కువే. 1095 లాంటి కార్బన్ స్టీల్‌లో కార్బన్ 0.95 శాతం ఉంటుంది, క్రోమియం దాదాపు ఉండదు, త్వరగా పదునెక్కుతుంది, తడి వదిలేస్తే తుప్పు పడుతుంది. క్రోమియం 10.5 శాతం దాటితే స్టెయిన్‌లెస్ కిందకి వస్తుంది, 12సి27, 14సి28ఎన్ లాంటివి ఇందులో పదును పెట్టడానికి కూడా సులువుగానే ఉంటాయి. సముద్రం ఒడ్డు, వాన ఎక్కువ పడే అడవి, పడవ ప్రయాణం అయితే స్టెయిన్‌లెస్ తీసుకోవడమే మేలు. ఫెర్రో రాడ్ గీకడానికి కార్బన్ స్టీలే కావాలి అని చాలామంది అనుకుంటారు, అక్కర్లేదు, ఆ రవ్వలు రాడ్ నుంచి వస్తాయి, కత్తి నుంచి కాదు. చెకుముకిరాయితో కొట్టి రప్పించే రవ్వలకి మాత్రమే కార్బన్ స్టీల్ కావాలి, అప్పుడు కాలేది ఉక్కు పొడే కాబట్టి. ఇక ఎస్30వి, ఎస్90వి లాంటి ఖరీదైన స్టీళ్ళు పదును చాలాకాలం నిలుపుతాయి నిజమే, కానీ వాటిలో ఉండే వనేడియం కార్బైడ్లు అనే రేణువులు మామూలు సానరాయిలోని అల్యూమినియం ఆక్సైడ్ కన్నా గట్టివి, డైమండ్ ప్లేటు లేకపోతే అడవిలో వాటికి పదును తేవడం చాలా కష్టం. అడవిలో ఎప్పుడూ మొద్దుబారని కత్తి కన్నా మొద్దుబారినప్పుడు పది నిమిషాల్లో సరిచేసుకోగలిగేది నయం, మొదటి రకం అసలు ఉండదు కాబట్టి.

ఇప్పుడు పెద్ద పని సంగతి. ఇక్కడే కత్తి పెద్దది కొనడం కన్నా రంపం కొనడం మంచిది అన్నది ఈ వ్యాసం గట్టిగా చెప్పే మాట. మణికట్టంత లావున్న ఎండు కొమ్మని పెద్ద కత్తితో నరికితే పదుల కొద్దీ దెబ్బలు పడాలి, ప్రతి దెబ్బలో చెక్క పేళ్ళుగా ఎగిరిపోతుంది, చెయ్యి అలిసిపోతుంది, అలిసిన చేతి నుంచి దెబ్బ పక్కకి జారుతుంది. రంపం రెండు మిల్లీమీటర్ల గాడి మాత్రమే తీసేస్తుంది కాబట్టి చేసే పని మొత్తం ఆ గాడికే పోతుంది, నిమిషం లోపే కొమ్మ తెగుతుంది. బాకో లాప్లాండర్ లాంటి మడత రంపం బ్లేడు 19 సెంటీమీటర్లు, బరువు 200 గ్రాములు, అంత బరువులో ఇంత పని చేసే వస్తువు క్యాంపు సామాన్లలో ఇంకోటి లేదు. జపాన్ సిల్కీ రంపాలు లాగేటప్పుడు మాత్రమే కోస్తాయి, లాగినప్పుడు బ్లేడు బిగుసుకుని నిటారుగా ఉంటుంది కాబట్టి దాన్ని బాగా పల్చగా చేయగలుగుతారు, పల్చన కాబట్టి గాడి సన్నం, శ్రమ తక్కువ. వీటిని నెట్టేటప్పుడు బలం పెట్టకూడదు, బ్లేడు వంగిపోతుంది, విరుగుతుంది కూడా.

రంపం ఉంటే చిన్న కత్తి సామర్థ్యం కూడా పెరుగుతుంది. వాన తర్వాత కింద పడున్న కట్టెలన్నీ తడిసిపోతాయి గానీ నిలబడే ఎండిపోయిన చెట్టు లోపలి చెక్క పొడిగానే ఉంటుంది, అది బయటికి తీయాలంటే ముందు రంపంతో మూరెడు ముక్కలుగా కోసి తర్వాత నిలువునా చీల్చాలి. కత్తిని చెక్క నెత్తిన పెట్టి వెన్ను మీద కర్రతో కొట్టడాన్ని బాటనింగ్ అంటారు, ముక్క వ్యాసం బ్లేడు పొడవు కన్నా తక్కువ ఉండాలి, మొన అవతల రెండు మూడు సెంటీమీటర్లు బయటికి కనబడాలి, ముడులు లేని చెక్క చూసుకోవాలి, అప్పుడు 10 సెంటీమీటర్ల కత్తి కూడా తట్టుకుంటుంది. లావు ముక్క అయితే కత్తిని కష్టపెట్టకుండా గట్టి కర్ర ముక్కని ఒక చివర సన్నగా చెక్కి వెడ్జ్ చేసుకుని దాన్ని దిగ్గొట్టాలి. కత్తి విరిగిపోతే ఇంకోటి రాదు, వెడ్జ్ విరిగితే ఇంకోటి చెక్కుకోవచ్చు.

మరి గొడ్డలి ఎప్పుడు? మంచు పడే చోట, రాత్రంతా మంట మండాల్సిన చోట, అంటే ఉత్తరాది పైన్ అడవుల్లాంటి చోట గొడ్డలికి సాటి లేదు, ఎందుకంటే అక్కడ లావు దుంగలు కావాలి, చీల్చే పని చాలా ఉంటుంది. 700 గ్రాముల తల, 50 సెంటీమీటర్ల పిడి ఉన్నది బ్యాగులో పెట్టుకోడానికీ పనికీ రెండిటికీ కుదిరే సైజు. గడ్డకట్టే చలిలో ఉక్కు పెళుసుగా మారుతుంది, గడ్డకట్టిన చెక్క గట్టిపడుతుంది, కాబట్టి వాడే ముందు గొడ్డలి తలని కాస్త వెచ్చబెట్టుకోవాలి. పిడి పొట్టిగా ఉంటే ప్రమాదం తక్కువ అనుకుంటారు, నిజానికి ఎక్కువ. పొడుగు పిడి గొడ్డలి గురి తప్పితే వంపు తిరిగి చాలావరకు నేలలో దిగుతుంది, పొట్టిది గురి తప్పితే మోకాలి కిందకో పాదం మీదకో వస్తుంది. అందుకే చిన్న గొడ్డలితో పని మోకాళ్ళ మీద కూర్చుని చేయాలి, అప్పుడు తప్పిన దెబ్బ నేలని తాకుతుంది. గొడ్డలి అలవాటు లేనివాళ్ళు ఆసుపత్రికి రోజు దూరంలో ఉన్నప్పుడు నేర్చుకోవడం మొదలుపెట్టకూడదు, వాళ్ళకి రంపమే సరి.

వేడి ప్రాంతాల దట్టమైన అడవిలో లెక్క మొత్తం మారిపోతుంది. అక్కడ చలిమంట కన్నా దారి చేసుకోవడం పెద్ద పని, ఎదురయ్యేవి తీగలు, వెదురు, పచ్చి కొమ్మలు. పచ్చి మొక్కని కోసేది బరువు కాదు, వేగం. అందుకే లాటిన్ అమెరికా మచెటీ బ్లేడు 45 సెంటీమీటర్లు, ఆ పైన ఉన్నా మందం రెండు మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది, ఉక్కు కూడా మరీ గట్టిగా చేయరు, రాయికి తగిలితే పెచ్చు ఊడకుండా అంచు వంగుతుంది, ఆకురాయితో రెండు రుద్దులు రుద్దితే మళ్ళీ సిద్ధం. మలేసియా పరాంగ్, ఇండోనేసియా గోలోక్ దీనికన్నా పొట్టి, మందం, బరువంతా ముందుకి ఉంటుంది, అక్కడి గట్టి కాండాలకి అది కావాలి. ఇలాంటి అడవికి గొడ్డలి మోసుకెళ్తే దాన్ని ఎక్కడ దించి పెట్టాలా అని చోటు వెతుక్కోవాల్సి వస్తుంది. మచెటీకి మణికట్టు తాడు వేసుకోవడం మంచిది కాదు, చెయ్యి జారితే బ్లేడు దూరంగా పోకుండా తిరిగి మన మీదకే వస్తుంది.

మడత చాకులు, చాకూ పటకారూ లాంటివి ఒకదాన్లోనే మడిచి ఉండే మల్టీటూల్స్ గురించి క్లుప్తంగా. మడత కీలు ఉన్నచోటే బలహీనత ఉంటుంది కాబట్టి చీల్చడానికి, మెలిపెట్టడానికి పనికిరావు. కానీ ఎప్పుడూ జేబులో ఉండేది అదే, దాని విలువ అక్కడుంది. 2003లో అమెరికాలోని యూటా లోయలో బండ కింద చెయ్యి ఇరుక్కుపోయి అయిదు రోజులకి పైగా ఉండిపోయిన ఏరన్ రాల్‌స్టన్ చివరికి తన చెయ్యి తానే తీసేసుకుని బయటపడ్డాడు, అతని దగ్గర ఉన్నది మొద్దుబారిన అంచున్న ఓ చవక మల్టీటూల్ మాత్రమే. కారులో వదిలేసి వచ్చే కత్తి ఎంత మంచిదైనా అలాంటప్పుడు ఎవరికీ పనికిరాదు. చిన్న ప్రయాణాలకి లాక్ పడే మంచి మడత చాకు, మడత రంపం, ఈ రెండూ చాలు.

ఇంక పదును. ఒక పక్క 300 గ్రిట్ (గరుకు), ఇంకో పక్క 1000 గ్రిట్ (నున్నన) ఉన్న చిన్న డైమండ్ ప్లేటు, తోలు బెల్టు ఉంటే కత్తికి సరిపోతుంది, గొడ్డలికీ మచెటీకీ ఆకురాయి. పూర్తిగా మొద్దుబారేదాకా ఆగకూడదు, రోజూ సాయంత్రం బెల్టు మీద నాలుగు సార్లు, వెన్ను ముందు అంచు వెనక ఉండేలా లాగుతూ రుద్దితే రాయి అవసరం చాలా తగ్గుతుంది. మొద్దు కత్తికి బలం ఎక్కువ పెడతాం, ఎక్కువ బలంతో జారిన కత్తి లోతుగా దిగుతుంది, గాయాలయ్యేది ఇలాగే. కూర్చుని చెక్కేటప్పుడు రెండు తొడల మధ్య ఎప్పుడూ పని పెట్టుకోకూడదు, తొడ లోపలి పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లో ప్రాణం మీదకి వస్తుంది, మోకాలికి బయటపక్క చెక్కాలి, చెయ్యి చాచినంత దూరంలో ఇంకెవరూ ఉండకూడదు.

కొనేటప్పుడు బ్లేడు చూసినంత శ్రద్ధగా పిడినీ ఒరనీ చూడాలి, చాలామంది చూడరు. పిడి నాలుగు వేళ్ళకీ నిండుగా పట్టాలి, వేళ్ళకోసం గాళ్ళు తీసిన పిడి ఒకే రకం పట్టుకి ఒప్పుకుంటుంది, పట్టు మార్చి చెక్కాలంటే గుచ్చుకుంటుంది. తడి చేత్తో, గ్లవ్ తొడుక్కుని పట్టి చూడాలి. ఒరని తలకిందులు చేసి ఊపితే కత్తి పడకూడదు, మొన ఒరని చీల్చుకుని బయటికి రాకూడదు. గడ్డిలో పడితే కనబడాలి కాబట్టి ఆకుపచ్చ, నలుపు కన్నా నారింజ రంగు పిడి ఎంతో మేలు. వెళ్ళే దేశంలో చట్టం కూడా ముందే చూసుకోవాలి, బ్రిటన్‌లో 1988 నాటి చట్టం ప్రకారం సరైన కారణం చూపకుండా బయట వెంట ఉంచుకోగలిగేది లాక్ పడని, అంచు 7.62 సెంటీమీటర్లు దాటని మడత చాకు మాత్రమే, ఫిక్స్‌డ్ బ్లేడుకి కారణం చూపించాలి. విమానంలో అయితే రంపంతో సహా అన్నీ చెక్-ఇన్ లగేజీలోనే, అంచులు గట్టి అట్టతో చుట్టి పెట్టాలి.